గాడిదలా అరిచే పక్షికి చేపల చందా

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కి దక్షిణంగా, సముద్రాన్ని ఆనుకుని సైమన్స్ టౌన్ అని ఓ చిన్న ఊరు ఉంది. అక్కడ కార్లు పెట్టుకునే చోట ఒక బోర్డు కనిపిస్తుంది: బండి తీసేముందు కింద పెంగ్విన్లు ఉన్నాయేమో చూసుకోండి అని. జోక్ అనుకునేరు, కాదు. మన వీధుల్లో కుక్కలు ఎండకి కారు కింద దూరినట్టే అక్కడ పెంగ్విన్లు దూరతాయి.

పెంగ్విన్ అంటే మంచుగడ్డ మీద నిలబడేదే అని మనకి చిన్నప్పటి నుంచి ఫిక్సయిపోయింది కదా, ఆఫ్రికన్ పెంగ్విన్ అలా కాదు. నమీబియా, దక్షిణాఫ్రికా తీరాల్లో ఎండలోనే బతుకుతుంది. నిలబడితే రెండడుగుల పైచిలుకు, బరువు మూడు కిలోల చుట్టుపక్కల. కళ్ళ పైన గులాబీ రంగు మచ్చ ఉంటుంది, అక్కడ ఈకలు ఉండవు. ఒంట్లో వేడి పెరిగితే రక్తం అక్కడికి ఎక్కువగా వచ్చి చల్లబడుతుంది, అందుకే ఎండ ముదిరేకొద్దీ ఆ గులాబీ కూడా ముదురుతుంది. రొమ్ము మీద నల్లచుక్కలు ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు, మన వేలిముద్రల్లాగా. అరుపు మాత్రం అచ్చం గాడిద ఓండ్రింపు. రాత్రిపూట ఆ గోల విని నిద్రపట్టని ఇళ్ళవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. 1980ల మొదట్లో రెండు జంటలు ఆ ఊళ్ళోని బౌల్డర్స్ బీచ్‌కి వచ్చి స్థిరపడ్డాయి, తర్వాత అవి వేలయ్యాయి, పెరళ్ళలో కూడా గూళ్ళు పెట్టేశాయి.

ఈ ఊరివాళ్ళు పెంగ్విన్ల పేరున సెప్టెంబరులో (అక్కడ వసంతం మొదలయ్యేది అప్పుడే) ఊరి మధ్యలోని జూబిలీ స్క్వేర్‌లో ఓ పండగ చేస్తూ వచ్చారు. స్టాళ్ళు, తిళ్ళు, పిల్లల సందడి, ఏ తిరనాళ్ళలోనైనా ఉండేవే అనుకోండి. ఇందులో వచ్చే డబ్బు శాన్‌కాబ్ అనే సంస్థకి వెళుతుంది. 1968లో ఒక చమురు ఓడ లీకైనప్పుడు ఆల్తియా వెస్ట్‌ఫాల్ అనే ఆవిడ నూనె అంటిన పెంగ్విన్లను సొంత ఇంటికి తెచ్చి కడగడంతో పుట్టిన సంస్థ ఇది. పండగలో జనం అసలు ఎదురుచూసేది మాత్రం ఇసుక మీద కొన్ని అట్టపెట్టెలు తెచ్చిపెట్టే ఘట్టం కోసం. మూత పక్కకి వాల్చగానే పెంగ్విన్లు వెంటనే పరుగెత్తవు. ఒకటి తల బయటపెట్టి చూస్తుంది, మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. రెండోది దాన్ని వెనక నుంచి తోస్తుంది. కాసేపు గుంపుగా నిలబడి అటూ ఇటూ తిరిగి, ఉన్నట్టుండి అన్నీ కలిసి నీళ్ళవైపు దొర్లుకుంటూ పోతాయి, మొదటి అల తగలగానే ఆ తడబాటు నడక మాయమై తూటాల్లా దూసుకుపోతాయి. ఇలాంటి వీడియోలు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ పెట్టెలోంచి వచ్చిన పక్షి అంతకుముందు ఎక్కడుంది? చాలావాటికి జవాబు ఒకటే, అమ్మానాన్నలు వదిలేసిన పిల్ల. వదిలేశారంటే పాపం వాటి తప్పేం లేదు. పెంగ్విన్ ఏడాదికోసారి ఒంటిమీది ఈకలన్నీ ఒకేసారి రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. ఆ మూడు వారాలూ దానికి నీళ్ళలో దిగే వీలుండదు, పాత ఈక ఊడి కొత్త ఈక పూర్తిగా రాక ఒంట్లోకి నీళ్ళు దిగిపోతాయి కాబట్టి. తిండి లేదు, ఒంటి బరువు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ముందే బాగా తిని కొవ్వు పట్టించుకోవాలి. చేపలు బాగా దొరికిన ఏడు ఈలోపే పిల్లలు పెద్దవైపోతాయి. దొరకని ఏడు గుడ్లు పెట్టడం ఆలస్యమవుతుంది, పిల్లలు నెమ్మదిగా ఎదుగుతాయి, ఇంకా గూట్లోనే ఉండగా తల్లికీ తండ్రికీ ఈకలు రాల్చే కాలం వచ్చిపడుతుంది. ఇక వాటి చేతుల్లో ఏమీ ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇలాంటి పిల్లలను శాన్‌కాబ్ వాళ్ళు గూళ్ళలోంచి ఏరి తెచ్చి పెంచుతారు. చిన్నవాటికి చేపను మిక్సీలో గుజ్జు చేసి గొట్టంతో పడతారు, కాస్త పెద్దయ్యాక చేపకి చేప, తలవైపు నుంచి. ముక్కు కత్తెరలా కరుస్తుంది కాబట్టి వాలంటీర్లు చేతులకి మందపాటి తొడుగులు వేసుకుంటారు. బరువు సరిపోయి, ఈకలు నీళ్ళను పూర్తిగా ఆపుతున్నాయని తేలాకే చర్మం కింద చిప్ పెట్టి పంపిస్తారు. ఇలా చేత్తో పెంచిన పిల్లలు సముద్రంలోకి వెళ్ళాక తల్లిదగ్గర పెరిగినవాటితో సమానంగానే బతుకుతున్నాయని పరిశోధకులు లెక్కతేల్చారు. లేకపోతే ఇదంతా మన మనసు తృప్తికోసం చేసే పని అయ్యుండేది.

చమురు సంగతి కూడా చెప్పాలి. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఇనుప ఖనిజం ఓడ పెంగ్విన్లు గూళ్ళు పెట్టుకునే రాబెన్, డాసెన్ దీవుల మధ్య మునిగింది. సుమారు 19,000 పెంగ్విన్లకి చమురు అంటుకుంది. చమురు అంటితే ఈకల అల్లిక విడిపోయి చలినీళ్ళు తిన్నగా చర్మాన్ని తాకుతాయి, పైగా ముక్కుతో ఈకలు సర్దుకుంటూ ఆ విషాన్ని మింగుతుంది. వేలాదిమంది వచ్చి ఒక్కోదాన్నీ సబ్బునీళ్ళతో కడిగారు. చమురు అంటని మరో 19,500 పక్షులను లారీలెక్కించి దాదాపు 800 కిలోమీటర్ల అవతల పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇంటికి వచ్చేలోపు ఇక్కడ నీళ్ళు శుభ్రం చేసుకోవచ్చన్న లెక్క. నాకైతే ఇంతకన్నా తెలివైన ప్లాన్ ఇంకోటి గుర్తురావడం లేదు. పీటర్, పమేలా, పెర్సీ అని మూడింటికి ట్రాన్స్‌మిటర్లు తగిలిస్తే, అవి దారి తప్పకుండా ఇంటికి ఈదుకుంటూ రావడం జనం రోజూ క్రికెట్ స్కోరులా చూసుకున్నారు. కడిగిన పక్షుల్లో నూటికి తొంభై పైగా బతికాయి.

ఇన్ని చేసినా లెక్క మాత్రం కిందికే పోతోంది. 20వ శతాబ్దం మొదట్లో పది లక్షలకు పైగా ఉండేవి, ఇప్పుడు గుడ్లు పెట్టే జంటలు పదివేల కన్నా తక్కువ. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ప్రకృతిలో కనుమరుగవడానికి ఒక్క మెట్టు ముందున్న వర్గంలోకి చేర్చింది, ఉన్న 18 పెంగ్విన్ జాతుల్లో అందులో చేరిన మొదటిది ఇదే. ఇదే వేగంతో పోతే 2035కల్లా సముద్రంలో ఒక్కటీ మిగలకపోవచ్చు. వెనకటి పాపాలు కొన్ని ఉన్నాయి. గుడ్లు లక్షల కొద్దీ ఏరి అమ్ముకున్నారు. తరాల తరబడి పేరుకున్న రెట్టలో బొరియలు తవ్వి అవి గూళ్ళు కట్టుకునేవి, ఆ రెట్టను 'తెల్ల బంగారం' అని ఎరువుకోసం గీకి ఎత్తుకుపోయారు, దాంతో గుడ్లు ఎండకి మాడాయి. ఇంకోవైపు, ఎవరూ ఊహించని దెబ్బలూ తగులుతాయి. 2021 సెప్టెంబరులో సైమన్స్ టౌన్‌లో ఒక తేనెటీగల గుంపు 63 పెంగ్విన్లను కుట్టి చంపింది, కాట్లు ముఖ్యంగా కళ్ళ చుట్టూ ఈకలు లేనిచోట.

కానీ ఇప్పటి అసలు సమస్య తిండి. ఈ పక్షి ప్రధానంగా తినేది సార్డైన్లు, ఆంకోవీలు, అంటే మన కవళ్ళకీ నెత్తళ్ళకీ దగ్గరి చుట్టాలు. పిల్లలున్న పక్షి ముప్పై నలభై కిలోమీటర్లు మించి పోలేదు, గూట్లో ఆకలి ఎదురుచూస్తుంటుంది మరి. అదే చోట రింగు వలల్లాంటి పెద్ద చుట్టుడు వలలతో పడవలు అవే చేపలు పడతాయి. పైగా సముద్రం తీరు మారి, వేట ఒత్తిడీ తోడై, చేపల గుంపులు పడమటి తీరం వదిలి తూర్పుకి జరిగాయి. దీవులు జరగలేవు కదా. కుర్ర పెంగ్విన్లది ఇంకో గోస. చల్లటి నీళ్ళు, నాచు ఎక్కువగా ఉన్నచోట చేప ఉంటుందని వాటికి పుట్టుకతోనే తెలుసు, ఆ గుర్తులు పట్టుకుని నమీబియా వైపు పోతాయి. గుర్తులైతే ఉన్నాయి, చేపలే లేవు. అతివేటకి సార్డైన్లు ఖాళీ అయిపోయి ఆ చోటుని జెల్లీ చేపలూ సత్తువలేని చిన్న చేపలూ ఆక్రమించాయి. పాత మెస్ బోర్డు అలాగే ఉంది, పొయ్యి పొగ కూడా వస్తోంది, లోపలికి వెళితే అన్నం లేదు, అలాంటి పరిస్థితి.

ఇక్కడే నాకు ఈ పండగ చందా విచిత్రంగా అనిపిస్తుంది. పండగలో పోగైన డబ్బులో కొంత చివరికి చేపగా మారుతుంది. సముద్రంలో చేప లేక చిక్కిన పక్షికి, సముద్రంలో పట్టిన చేపనే కొని పెడుతున్నాం! విమర్శించడానికి చెప్పడం లేదు, ఆకలిగా ఉన్నవాడికి ముందు అన్నమే పెట్టాలి. శాన్‌కాబ్ వాళ్ళకి కూడా ఈ తిరకాసు తెలుసు, అందుకే 2024లో బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా అనే పక్షి సంరక్షణ సంస్థతో కలిసి ప్రభుత్వం మీద కోర్టుకెళ్ళారు. 2025 మార్చి 18న ప్రిటోరియా హైకోర్టులో రాజీ కుదిరింది, చేపల కంపెనీలు కూడా ఒప్పుకున్నాయి. ముఖ్యమైన ఆరు పెంగ్విన్ స్థావరాల చుట్టూ పదేళ్ళపాటు సార్డైన్, ఆంకోవీ వేట బంద్. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం పెడతారు కదా, అది చేప గుడ్లు పెట్టుకోవడానికి. అక్కడిది ఏడాది పొడవునా, ఒక పక్షి వాటా కోసం.

చేప తూర్పుకి పోతే పక్షినీ అటే తీసుకెళ్ళాలని ఇంకో ప్రయత్నం జరుగుతోంది. డి హూప్ అనే రక్షిత తీరంలో జంతువులు రాకుండా కంచె వేసి, సిమెంటు పెంగ్విన్ బొమ్మలు నిలబెట్టి, స్పీకర్లలో ఆ గాడిద ఓండ్రింపు పెట్టారు, దారినపోయే పెంగ్విన్లు ఇక్కడ మనవాళ్ళున్నారే అనుకుని ఆగాలని. సైమన్స్ టౌన్‌లో నిద్ర చెడగొట్టే అరుపు ఇక్కడ పిలుపయింది. మామూలుగా తాము మొదటిసారి సముద్రంలోకి దిగిన చోటికే పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి వచ్చే అలవాటు వీటికి ఉంది. అందుకని 2021 నుంచి శాన్‌కాబ్‌లో చేత్తో పెంచిన పిల్లలను, అదే అట్టపెట్టెల్లో తెచ్చి, ఆ బొమ్మల ఎదుటే వదులుతున్నారు. అవి పెద్దయి తిరిగి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. 2022లో అక్కడ మొదటి గూడు కనిపించింది, ఆ బొమ్మలనీ ఆ అరుపునీ నమ్మి వాటంతటవే వచ్చి ఆగిన పెంగ్విన్లది.