డెల్టాలో ఆగిన లెక్క, శివార్లలో పెరిగిన లెక్క

2001–2011 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 11 శాతం పెరిగింది. దేశ సగటు 17.7 శాతం. రాష్ట్రం లోపలి తేడాలు అంతకంటే పెద్దవి: రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరగగా, పశ్చిమ గోదావరి 3.5 శాతం దగ్గరే ఆగింది. రంగారెడ్డి తల్లులేమీ పదమూడింతలు ఎక్కువ మంది పిల్లలను కనలేదు కదా!

జననాలు అప్పటికే రాష్ట్రమంతటా తగ్గుముఖం పట్టాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1992–93లో 2.6 ఉండగా, 2005–06 నాటికి 1.8కి దిగింది. కేరళలో ఈ మార్పు ఆడపిల్లల చదువు వెంట వచ్చింది. ఇక్కడ మాత్రం చదువు అంతగా పెరగకముందే, చిన్న వయసులో పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టగానే ‘ఆపరేషన్’ చేయించుకోవడం ఊరూరా ఆనవాయితీ అయింది. ఆ భారం దాదాపు పూర్తిగా ఆడవాళ్ల మీదే పడిందన్న సంగతి జనాభా చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధన ఆ ధోరణికి తోడైంది.

వలస చరిత్ర ఇంకా పాతది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా కూలీలను రప్పించుకున్న ప్రాంతం. కోరంగి రేవు నుంచి బర్మాకు వెళ్లినవారూ ఎందరో. అక్కడ మనవాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. నిజాంసాగర్ నీరు పారాక డెల్టా రైతులు నిజామాబాద్ వైపు కదిలారు, తర్వాతి తరాలు ఉద్యోగాల కోసం హైదరాబాద్ చేరాయి. నగరం అప్పటికే కిక్కిరిసి ఉండడంతో హైదరాబాద్ జిల్లా ఆ పదేళ్లలో 3 శాతమే పెరిగింది. వచ్చినవారు చుట్టూ ఉన్న రంగారెడ్డిలో స్థిరపడ్డారు.

వలస వెళ్లేది ఎక్కువగా పిల్లలను కనే వయసువారే కాబట్టి, వారితోపాటు రాబోయే జననాలు కూడా కొత్త చోటి ఖాతాలోకి వెళతాయి. సొంతూరి లెక్కలో వృద్ధుల వాటా పెరుగుతుంది.

జనాభా ఆధారంగా జరిగే నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాది సీట్లు తగ్గుతాయన్న ఆందోళన నడుమ, 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేసింది. ఈ మార్పు తాకేది జననాలను మాత్రమే. 2014 జూన్ 2 వరకు భీమవరం నుంచి మియాపూర్ వెళ్లిన కుటుంబం రాష్ట్రం మారేది కాదు. ఆ తర్వాత వెళ్లిన కుటుంబం, అక్కడ పుట్టే బిడ్డతో సహా, తెలంగాణ లెక్కలోకి చేరుతుంది.