వంద మిలియన్లు పోస్తే కప్పు వస్తుందా?

జూన్ వచ్చిందంటే మ్యాచులు ఆగిపోతాయి కానీ ఫుట్‌బాల్ గోల మాత్రం ఆగదు, ఏ క్లబ్ ఎవర్ని ఎన్ని మిలియన్లకి లేపుకుపోతుందో అనే టెన్షన్‌తోనే సెప్టెంబర్ దాకా గడిచిపోతుంది. అర్ధరాత్రి దాకా ఫాబ్రిజియో రొమానో అనే ట్రాన్స్‌ఫర్ వార్తల జర్నలిస్ట్ పోస్టుల కోసం ఫోన్ పట్టుకుని కూర్చునే బ్యాచ్ మన దగ్గర కూడా తక్కువేం లేదు. మన క్లబ్ వంద మిలియన్లు పెట్టిందంటే ఈసారి టైటిల్ మనదే అని ఫిక్స్ అయిపోతాం, పెట్టకపోతే ఓనర్ పిసినారి అని తిట్టుకుంటాం. మరి ఆ డబ్బుకీ టేబుల్‌లో పొజిషన్‌కీ నిజంగా లింకుందా? ఉంది, కాకపోతే మనం చూసే డబ్బు వేరు, పనిచేసే డబ్బు వేరు.

2022 సమ్మర్ సంగతి చూడండి, ఒకే ఊళ్లో రెండు క్లబ్బులు. మాంచెస్టర్ సిటీ డార్ట్‌మండ్ నుంచి హాలండ్‌ని తెచ్చుకుంది, కాంట్రాక్టులో రిలీజ్ క్లాజ్ (ఇంత కడితే వదిలేయాల్సిందే అని ముందే రాసుకున్న రేటు) ఉంది కాబట్టి ఫీజు 60 మిలియన్ యూరోలే. మాంచెస్టర్ యునైటెడ్ అయాక్స్ నుంచి ఆంటొనీని తెచ్చుకుంది, ఫీజు 95 మిలియన్ యూరోల దాకా పోయింది. హాలండ్ మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 36 గోల్స్ కొట్టి రికార్డు పెట్టాడు, సిటీ ట్రెబుల్, అంటే ఒకే సీజన్‌లో మూడు పెద్ద కప్పులు గెలిచింది. ఆంటొనీ యునైటెడ్‌లో ఉన్నన్నాళ్లూ కలిపితే లీగ్ గోల్స్ 5. ఫీజుని బట్టి ఎవరు పెద్ద ప్లేయరో చెప్పమంటే ఏం చెప్తారు?

అసలు ఫీజు అంటే ప్లేయర్ విలువ కాదు. పాత క్లబ్‌తో అతనికి ఇంకా కాంట్రాక్టు మిగిలుంది, దాన్ని మధ్యలో తెంచి మాకిచ్చేయండి అని ఆ క్లబ్‌కి కట్టే పరిహారం. అందుకే అందులో ఆటకి సంబంధం లేని విషయాలు చాలా కలిసిపోతాయి, కాంట్రాక్టు ఇంకెన్నేళ్లుంది, అమ్మేవాడికి డబ్బు అర్జెంటా, కొనేవాడు ఎంత డెస్పరేట్‌గా ఉన్నాడు, విండో (ప్లేయర్లని కొనడానికి ఇచ్చే గడువు) మూసేయడానికి ఇంకెన్ని గంటలుంది, ఇలాంటివన్నీ. 1995లో యూరప్ కోర్టు ఇచ్చిన బాస్మన్ తీర్పు తర్వాత కాంట్రాక్టు అయిపోయిన ప్లేయర్ రూపాయి ఫీజు లేకుండా వెళ్లిపోవచ్చు. పోగ్బా సంగతే చూడండి, 2012లో యునైటెడ్ నుంచి దాదాపు ఫ్రీగా యువెంటస్‌కి పోయాడు, 2016లో అదే యునైటెడ్ 89 మిలియన్ పౌండ్లకి వెనక్కి కొనుక్కుంది, 2022లో మళ్లీ ఫ్రీగా వెళ్లిపోయాడు.

మనవాళ్లకి ఐపీఎల్ వేలం వల్ల ఇక్కడొక కన్ఫ్యూజన్ ఉంటుంది. రిషభ్ పంత్‌ని లక్నో 27 కోట్లకి తీసుకుందంటే అది పంత్ జీతం, పైగా ఆ 2025 సీజన్ వేలంలో టీమ్ మొత్తానికి 120 కోట్లే లిమిట్. ఫుట్‌బాల్‌లో ఆంటొనీ ఫీజు వెళ్లింది ఆంటొనీకి కాదు, అయాక్స్‌కి. ప్లేయర్‌కి ఇచ్చే జీతం వేరే లెక్క, ఆ లెక్క పేపర్లో హెడ్‌లైన్‌గా రాదు, కానీ అసలు మ్యాటరంతా అక్కడే ఉంది.

స్టెఫన్ షిమాన్‌స్కీ అనే ఎకనామిస్ట్ ఇంగ్లండ్‌లో 40 క్లబ్బుల పద్దులు తీసి 1978 నుంచి 1997 దాకా ఎవరు దేనికెంత ఖర్చుపెట్టారు, లీగ్‌లో ఎక్కడ నిలబడ్డారు అని పక్కపక్కన పెట్టి చూశాడు. క్లబ్బుల పొజిషన్లలో ఉన్న తేడాల్లో 92 శాతం జీతాల తేడాతోనే వివరించొచ్చు అని తేలింది. ట్రాన్స్‌ఫర్ల మీద పెట్టిన నికర ఖర్చుతో వివరించగలిగింది 16 శాతమే. 92 శాతం అంటే జీతాలు ఎక్కువ ఇచ్చినవాడు నూటికి 92 మ్యాచులు గెలుస్తాడని కాదు, ఇన్నేళ్ల సగటు జీతాల లిస్ట్ ఒక్కటి చేతిలో ఉంటే సగటు లీగ్ టేబుల్‌ని దాదాపుగా రాసేయొచ్చని. ఒక్క సీజన్‌కి మాత్రం ఇది ఇంత గట్టిగా నిలబడదు, గోల్స్ తక్కువ పడే ఆట కదా, ఒక పోస్టు తగిలిన షాటు, ఒక రెడ్ కార్డు చాలు లెక్క తారుమారవడానికి. లేకపోతే 2016లో లెస్టర్ టైటిల్ కొట్టేదా, సీజన్ మొదట్లో బుకీలు 5000కి 1 ఇచ్చిన టీమ్ అది, అంటే రూపాయి పందెం కాసి గెలిస్తే 5000!

జీతం ఎందుకు అంత బాగా చెప్తుందంటే, అందులో అడ్డదిడ్డాలు తక్కువ. మంచి ప్లేయర్ ఫ్రీగా వచ్చినా తక్కువ ఫీజుకి వచ్చినా జీతం దగ్గర మాత్రం తగ్గడు, హాలండ్ ఫీజు తక్కువే కానీ జీతంలో మాత్రం సిటీలో పై వరసలోనే ఉన్నాడు. ఒకటో రెండో తప్పు కొనుగోళ్లు జరిగినా జీతాల బిల్లు అంటే పాతిక మంది మొత్తం లెక్క కాబట్టి సగటు పెద్దగా చెడదు. అయితే ఇక్కడో మెలిక ఉంది, గెలిచే క్లబ్‌కి టీవీ డబ్బు, టికెట్ల డబ్బు, స్పాన్సర్లు అన్నీ ఎక్కువ, దాంతో జీతాలు ఎక్కువ ఇస్తుంది, గెలిస్తే బోనస్‌లు కూడా ఆ బిల్లులోనే పడతాయి. అంటే జీతాల వల్ల గెలుపా, గెలుపు వల్ల జీతాలా? రెండూ. కాబట్టి రేపట్నుంచి జీతాలు డబుల్ చేస్తే టాప్ ఫోర్‌లోకి వెళ్తాం అని ఎవరైనా లెక్క చూపిస్తే నమ్మకండి.

జీతాలు ఆపేస్తే ఏమవుతుందో మాత్రం మన కళ్లముందే చూశాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది, తర్వాతి సీజన్‌లో లీగ్‌లో సెకండ్ ప్లేస్. ఆ తర్వాత బకాయిలు పేరుకుపోయాయి, ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది, ఫారిన్ ప్లేయర్లు, సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో కుర్రాళ్లతో 22 మ్యాచులు ఆడితే గెలిచింది ఒక్కటి.

మరి ట్రాన్స్‌ఫర్ల దగ్గర క్లబ్బులు అంతంత ఎక్కువ ఎందుకు కడతాయి? దీనికి జవాబు ఫుట్‌బాల్‌లో కాదు ఆయిల్ బావుల్లో దొరికింది. మెక్సికో గల్ఫ్‌లో ఆయిల్ బ్లాకుల వేలంలో గెలిచిన కంపెనీలు అనుకున్నంత లాభం ఎందుకు చూడట్లేదు అని ముగ్గురు ఇంజినీర్లు 1971లో ఒక పేపర్ రాశారు. బ్లాకులో ఎంత ఆయిల్ ఉందో ఎవరికీ కరెక్టుగా తెలీదు, తలా ఒక అంచనా వేస్తారు, కొన్ని తక్కువ కొన్ని ఎక్కువ, వేలం గెలిచేది ఎవరంటే అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడు, అంటే ఎక్కువవైపు అందరికంటే ఎక్కువ పొరబడినవాడు అయ్యే ఛాన్సే ఎక్కువ. వేలం పోటీ పెరిగేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. ఆయిల్ బ్లాక్ తీసేసి 22 ఏళ్ల వింగర్‌ని పెట్టండి, లెక్కేం మారదు. దానికి తోడు, ప్లేయర్‌ని ఎప్పుడూ అతని బెస్ట్ సీజన్ అయ్యాకే కొంటారు, ఆ సీజన్‌లో టాలెంట్‌తో పాటు కాస్త లక్కు కూడా ఉంటుంది, టాలెంట్ కొత్త క్లబ్‌కి వస్తుంది, లక్కు రాదు.

బార్సిలోనా దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. 2017 ఆగస్టులో పారిస్ క్లబ్ పీఎస్‌జీ బార్సా ప్లేయర్ నెయ్‌మార్ కోసం 222 మిలియన్ యూరోలు కట్టింది, ఆ డబ్బు బార్సా జేబులో ఉందని ఊరందరికీ తెలుసు, ఇంక ఎవడు తగ్గిస్తాడు? డెంబెలేకి 105 మిలియన్ ప్లస్ బోనస్‌లు, జనవరిలో కుటీన్యోకి 120 మిలియన్ ప్లస్ బోనస్‌లు. 2020లో అదే కుటీన్యో బయర్న్‌కి లోన్ మీద (తాత్కాలికంగా) ఆడుతూ, బార్సాని 8-2తో చితక్కొట్టిన మ్యాచ్‌లో రెండు గోల్స్ వేశాడు, ఇలాంటిది సినిమాలో పెడితే ఓవర్ అంటాం. డెంబెలే గాయాలతో సగం కాలం బయటే ఉండి 2023లో 50 మిలియన్లకి పీఎస్‌జీకి పోయాడు, 2025లో చాంపియన్స్ లీగ్, ఏడాది బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే బాలన్ డోర్ రెండూ కొట్టాడు. చుట్టూ ఉన్న టీమ్, కోచ్, ఫిట్‌నెస్ మారాయి, ఇవేవీ ఫీజులో ఉండవు.

ఇక లివర్‌పూల్. 2024 సమ్మర్‌లో కొత్త కోచ్ స్లాట్ వచ్చాడు, ఆ సీజన్‌కి టీమ్‌లోకి కొన్నది కియెజా ఒక్కడినే, అదీ పది మిలియన్ పౌండ్లకి, ఫ్యాన్స్ తిట్టని తిట్టు లేదు. టైటిల్ కొట్టారు. 2025 సమ్మర్‌లో విర్ట్స్, ఇసాక్, ఎకిటికే, కెర్కెజ్, ఫ్రింపాంగ్ అంటూ 400 మిలియన్ పౌండ్లు దాటించారు, ఇసాక్ ఒక్కడికే 125. సెప్టెంబర్ చివర మొదలుపెట్టి అన్ని కాంపిటీషన్లలో కలిపి 12 మ్యాచుల్లో 9 ఓడిపోయారు.

అయితే చూశారా, ఖర్చుపెడితే నాశనమే అనేద్దామా? అది కూడా తొందరే. అదే సమ్మర్‌లో అలెగ్జాండర్-ఆర్నల్డ్ రియల్ మాడ్రిడ్‌కి పోయాడు, లూయిస్ డియాజ్ బయర్న్‌కి పోయాడు, జులైలో డియోగో జోటా యాక్సిడెంట్‌లో చనిపోయాడు, ఒక డ్రెస్సింగ్ రూమ్ ఆ బాధతో ఎలా ఆడుతుందో ఏ స్ప్రెడ్‌షీట్‌లోనూ కాలమ్ ఉండదు. సలాకి ఇంకో ఏడాది వయసు పెరిగింది. ఆ 400 మిలియన్లు పెట్టని ఇంకో లివర్‌పూల్ ఎక్కడైనా ఉంటే దాంతో పోల్చొచ్చు, లేదు. ల్యాబ్‌లో ఎలుకల్ని రెండు గుంపులు చేసినట్టు క్లబ్బుల్ని చేయలేం, అందుకే ఒక్క క్లబ్ ఒక్క సీజన్ చూపించి ఏ వాదనైనా గెలవొచ్చు.

డబ్బు నిజంగా పనిచేసిన సందర్భాలు లేవా అంటే బోలెడున్నాయి, అదే లివర్‌పూల్ కుటీన్యోని అమ్మిన 2018లోనే వాన్ డైక్‌కి 75 మిలియన్ పౌండ్లు, అలిసన్‌కి 65 మిలియన్ల పైన పెట్టింది, 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో లీగ్. వీక్‌గా ఉన్న రెండు ప్లేసుల్లో ఇద్దర్ని పెట్టడం వేరు, బాగా నడుస్తున్న ఎటాక్‌ని ఒకేసారి విప్పేసి కొత్తగా కట్టడం వేరు. అబ్రమోవిచ్ 2003లో చెల్సీని కొన్నప్పుడు వేరేవాళ్లెవరూ ఆ స్పీడులో ఖర్చు పెట్టలేకపోయారు, రెండో సీజన్‌లోనే 95 పాయింట్లతో, సీజన్ మొత్తం 15 గోల్స్ మాత్రమే ఇచ్చి టైటిల్ కొట్టేశారు. సిటీకి 2008లో అబుదాబి డబ్బు వచ్చాక కూడా మొదటి సీజన్‌లో పదో ప్లేసే, టైటిల్‌కి 2012 దాకా ఆగాల్సొచ్చింది. ఇప్పుడా అడ్వాంటేజ్ ఎవరికీ లేదు, 2025 సమ్మర్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిపి 3 బిలియన్ పౌండ్లకి పైనే పెట్టాయి, అందరూ పెడితే ఏమవుతుంది, కింద మూడు క్లబ్బులు ఎలాగూ కింది డివిజన్‌కి దిగిపోవాల్సిందే కదా. ఇప్స్‌విచ్ 2024లో పైకొచ్చి 100 మిలియన్ పౌండ్లకి పైన ఖర్చుపెట్టి 22 పాయింట్లతో కిందికి దిగింది.

ఇంకో సంగతి, ఫీజు ఆ సమ్మర్‌తో అయిపోదు. అకౌంట్లలో దాన్ని కాంట్రాక్టు ఏళ్ల మీద పరుస్తారు, 100 మిలియన్లు ఐదేళ్లకైతే ఏడాదికి 20, ఎనిమిదేళ్లకైతే 12.5. కొత్త ఓనర్లు వచ్చాక చెల్సీ ఈ లూప్‌హోల్ పట్టుకునే ముద్రిక్‌కి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది, తర్వాత యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూయెఫా ఐదేళ్లకి మించి పరచడానికి లేదని రూల్ పెట్టింది. ఎన్జో ఫెర్నాండెజ్‌కి 106.8 మిలియన్ పౌండ్లు పెట్టిన ఆ 2022-23లో చెల్సీ 12వ ప్లేస్. 2025లో క్లబ్ వరల్డ్ కప్ గెలిచారు కదా అంటారు, గెలిచారు, ఫైనల్లో రెండు గోల్స్ వేసిన పామర్ ఫీజు 40 మిలియన్లకి కాస్త పైన, ఎన్జో ఫీజులో సగం కూడా కాదు. సొంత అకాడమీ కుర్రాణ్ణి అమ్మితే మాత్రం పద్దులో కొన్న ధర సున్నా కాబట్టి వచ్చిందంతా లాభం కిందే రాసుకోవచ్చు, ఏటా పడే ఈ భారాన్ని సర్దుకోవాలంటే అంతకంటే ఈజీ దారి లేదు. 2024లో చెల్సీ చిన్నప్పట్నుంచీ తన దగ్గరే పెరిగిన గాలగర్‌ని అట్లెటికోకి అమ్మేసింది. ముందు సీజన్‌లో 38 లీగ్ మ్యాచులకి 37 ఆడాడు, చాలావాటిలో కెప్టెన్ కూడా అతనే.