నెవాడా బీళ్లలో ఆవుల మేత ఎవరిది?

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికా పడమటి రాష్ట్రాలైన నెవాడా, ఐడహోల మీదుగా కారులో వెళ్తుంటే మైళ్ల కొద్దీ ముళ్లకంచె, దాని వెనక ఆవులు కనిపిస్తాయి. ఆవులు రాంచర్లవి, అంటే పెద్ద మందల్ని పెంచే రైతులవి. నేల మాత్రం చాలాచోట్ల ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానిది. 1934కి ముందు అక్కడ ఎవరు ముందొస్తే వాళ్ల మంద మేసేది. మనం ఆగితే పక్కవాడి గొర్రెలు తినేస్తాయని గడ్డి సరిగా ఎదగకముందే తోలేవాళ్లు. బీళ్లు బోసిపోయాయి. ఆ ఏడు టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చి, పర్మిట్ పద్ధతి పెట్టింది.

పర్మిట్ సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. మందకు ఆధారంగా సొంత భూమో, నీటి వసతో ఉన్నవాళ్లకే దొరుకుతుంది. దానితో వచ్చేది మేపుకునే అనుమతే, నేల మీద హక్కు కాదు.

ఇక పుల్లరి, అంటే మేతకు కట్టే రుసుము లెక్క. (పల్నాడులో కన్నెగంటి హనుమంతు ఎదిరించిన పుల్లరి పరాయి సర్కారు పేదల మీద వేసింది, దాన్ని దీనితో కలపకండి.) కొలత పేరు ఏయూఎం (యానిమల్ యూనిట్ మంత్): దూడతో ఉన్న ఒక ఆవు, లేదా ఒక గుర్రం, లేదా ఐదు గొర్రెలు నెల రోజులు తినే మేత. 200 ఆవులు, 120 రోజులు, అక్కడి మేతలో ప్రభుత్వ వాటా 75 శాతం అనుకోండి. 200ని 120తో, 0.75తో, రోజుల్ని నెలలు చేయడానికి 12తో గుణించి 365తో భాగిస్తే 592 ఏయూఎంలు వస్తాయి. కనీస ధర ఏయూఎంకి 1.35 డాలర్లు, ఆ లెక్కన బిల్లు దాదాపు 800 డాలర్లు. ప్రైవేటు బీడైతే దీనికి ఎన్నో రెట్లు అవుతుంది. చవకే, కాదనను. కాకపోతే కంచెల, తొట్ల మరమ్మతు చాలావరకు రాంచర్ నెత్తినే పడుతుంది.

అసలు పనితనం మందను ఎప్పుడు కదిలించాలో తెలియడంలో ఉంది. అక్కడి ముఖ్యమైన దుబ్బుగడ్డి బ్లూబంచ్ వీట్‌గ్రాస్. వరికి ఉన్నట్టే దీనికీ పొట్ట దశ ఉంది, అది మే, జూన్‌లలో వస్తుంది. పెరిగే మొన అప్పటికి పైకి లేచి ఆవు నోటికి అందుతుంది. కొరికాక మళ్లీ చిగురించాలంటే నేలలో తడి కావాలి. అక్కడ వేసవి వానలు తక్కువ. ఒక ఏడాదికైతే తట్టుకుంటుంది. ఏటా అదే గడిని (కంచెతో విడదీసిన బీడు ముక్కని) అదే నెలలో మేపితే వేరు చిక్కి దుబ్బు చస్తుంది, ఆ ఖాళీలో చీట్‌గ్రాస్ అనే కలుపు గడ్డి దూరుతుంది. ఇది చలికి ముందే మొలిచి, వేసవి మొదట్లోనే ఎండిపోయి మంటలకు మేతవుతుంది. కాలిన చోట ముందు లేచేదీ అదే. అందుకే జాగాను మూడు గళ్లు చేసి, ఈ ఏడు ముందుగా మేపిన గడిని వచ్చే ఏడు గింజ రాలాక మేపుతారు, మూడో ఏడు వదిలేస్తారు.

ఎంత తిన్నాయో కళ్లతో చూసి చెప్పడం కష్టం. మంద రాకముందే దుబ్బుల మీద చిన్న ఇనుప బోను బిగిస్తారు. మంద వెళ్లాక బోనులోని గడ్డినీ, బయట అంతే జాగాలో మిగిలినదాన్నీ కోసి, ఎండబెట్టి తూస్తారు. లోపల 100 గ్రాములు, బయట 60 ఉంటే 40 శాతం తిన్నట్టు. సగానికి మించితే ఆలస్యం చేశామన్నమాట. ఎత్తు చూసి మోసపోకండి: దుబ్బు బరువు మొదట్లోనే ఎక్కువ, పై సగం పోయినా బరువులో సగం పోదు.

ఎక్కువగా పాడయ్యేది వాగు ఒడ్డు. నీళ్లు, నీడ, పచ్చిక మూడూ అక్కడే ఉంటే ఎండాకాలం ఆవులు గుట్టెందుకు ఎక్కుతాయి? ఒడ్డున తుంగ 4 అంగుళాలకు దిగేలోగా మందను తోలాలని చాలాచోట్ల షరతు ఉంటుంది. ఆవులు నాకే ఉప్పుదిమ్మల్ని నీటికి కనీసం పావు మైలు దూరంలో, మేత మిగిలిపోయిన గుట్ట మీద పెట్టాలి. గుట్ట మీద తొట్టి కడితే లోపల వాలుగా ఒక మెట్టు ఉండాలి, లేకపోతే పిట్టలు అందులో పడి మునిగిపోయి నీళ్లు చెడతాయి. కంచె అడుగు తీగకు ముళ్లుండకూడదు, అది నేలకు కనీసం 16 అంగుళాల ఎత్తున ఉండాలి; ప్రాంగ్‌హార్న్‌లు (అక్కడి జింకలాంటి జంతువులు) కంచె దూకడం అరుదు, కింద నుంచే దూరిపోతాయి.

మీ
తాతయ్య