మెట్ల పొలాల్లో నడవబోయే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ఉత్తర వియత్నాంలోని సాపాకి వెళ్లి, కొండవాలున మెట్లుమెట్లుగా దిగే వరి మడుల మధ్య రెండు రోజులు నడవాలనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. టికెట్లకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ నెలలో వెళ్లాలన్నది. దాన్ని వరి పంటే చెబుతుంది.

అక్కడ చలి ఎక్కువ కాబట్టి ఏడాదికి ఒక్కటే పంట. మే నెలలో, జూన్ మొదట్లో నీళ్లు పెట్టి, దమ్ము చేసి, నాట్లు వేస్తారు. అప్పుడు కొండంతా అద్దాలు పరిచినట్టు మెరుస్తుంది. జులై, ఆగస్టుల్లో పచ్చదనంతోపాటు జోరువానలు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా కోతలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొగమంచు, గడ్డకట్టే చలి, మడుల్లో మోళ్లు. సంక్రాంతి సెలవులు అందుకే పనికిరావు. వేసవి సెలవుల చివరి వారం చక్కగా కుదురుతుంది. కోతల కాలం అందమైనదే గానీ తుఫాన్లూ అప్పుడే వస్తాయి. 2024 సెప్టెంబరులో యాగి తుఫానుకు ఆ లావ్ కాయ్ రాష్ట్రంలోనే లాంగ్ నూ అనే ఊరు బురదవరదలో కూరుకుపోయింది. వరసగా రెండు రోజులు పెద్దవాన పడితే నడక మానేయండి. వాగు నీళ్లు ఉన్నట్టుండి ఎర్రగా మారితే పైన ఎక్కడో మట్టి జారిందన్నమాట, అప్పుడు దాటకూడదు.

దారి ఇలా పెట్టుకోండి. హనోయి నుంచి రాత్రి రైల్లో లావ్ కాయ్, అక్కడినుంచి గంట ప్రయాణంలో సాపా. మొదటిరోజు ఈ-లిన్-హో, లావ్ చాయ్ అనే ఊళ్ల మీదుగా తా వాన్ అనే ఊరు చేరి, ఎవరింట్లోనైనా అతిథులుగా బస చేయండి. రెండోరోజు ఎర్ర జావ్ అనే కొండతెగ వాళ్ల ఊరు జాంగ్ తా చాయ్ చూసి, రోడ్డెక్కి వ్యాన్‌లో తిరిగి రండి. మొదటిరోజు సుమారు పన్నెండు కిలోమీటర్లు. రోడ్డుమీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా ఆ బురదలో రెండున్నర మించి నడవలేరు. అంటే ఐదు గంటలు. భోజనానికి ఒకటి, జారిపడి లేవడానికి, ఆగి చూడటానికి ఇంకొకటి. ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే మూడున్నరకు చేరతారు. దారి చూపడానికి ఆ ఊళ్ల హ్మోంగ్ తెగ మహిళనే మాట్లాడుకోండి. ఏ గట్టు నిన్న తెగిందో ఆమెకు తెలుస్తుంది.

ఇక గట్ల సంగతి. ఇది మరీ జాగ్రత్తగా చదవండి. ఊటనీళ్లు వెదురు దోనెల్లో పై మడికి వచ్చి, అక్కడినుంచి గండి ద్వారా కింది మడికి, అలా అడుగు దాకా దిగుతాయి. నాట్ల రోజుల్లో గట్టుకు అప్పుడే మట్టి మెత్తి ఉంటారు, అది ఇంకా పచ్చిగానే ఉంటుంది. అంచుమీద కాలేస్తే ఆ పెళ్ల ఊడిపోతుంది. చేతికర్ర గుచ్చితే ఇంకా ప్రమాదం: ఆ బెజ్జంలోంచి నీరు ఊరి, లోపలి మట్టిని కొంచెం కొంచెంగా కోసుకుపోయి, రాత్రికి గట్టే తెగుతుంది. పై మడి ఎండుతుంది, కింది మడిలో నారు ఒండ్రు కింద పడుతుంది. కాబట్టి ఒకరి వెనక ఒకరు, గట్టు నడిమధ్య, కర్ర పైకెత్తి నడవండి. ఎదురుగా బుట్ట మోసుకుని ఎవరైనా వస్తే, వెడల్పున్న చోటు చూసి మీరే ఆగండి.

సాపా నుంచి తా వాన్ దాకా ఐదువందల మీటర్లకు పైగా దిగుడు. దిగుడులో బొటనవేళ్లు బూటు ముందుకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. గోళ్లు కత్తిరించుకుని, ముందు వేలెడు ఖాళీ ఉన్న, అడుగున లోతైన గాట్లున్న బూట్లు వేసుకోండి. వానలైతే సాపాలోనే రబ్బరు బూట్లు అద్దెకిస్తారు. సంచి మూడు నాలుగు కిలోలు దాటొద్దు: రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్, వానకోటు, రెండు జతల మేజోళ్లు చాలు. గొడుగు వద్దు, గట్టుమీద రెండు చేతులూ కావాలి.

శాకాహారులైతే "తోయ్ ఆన్ చాయ్" అనాలి. అక్కడ చాయ్ అంటే టీ కాదు, శాకాహారం. కూరగాయల్లో కూడా నువోక్ మామ్ అనే చేపల రసం వేస్తారు, అది వద్దని విడిగా చెప్పండి.

దారిలో చిన్నపిల్లలు గాజులు, సంచులు అమ్మవస్తారు. వాళ్ల దగ్గర కొనకండి, చాక్లెట్లూ ఇవ్వకండి. డబ్బు వస్తుందంటే బడి మాని దారిలోనే నిలబడతారు. అవే వస్తువులు వాళ్ల అమ్మల దగ్గర కొనండి. చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి.

రాత్రి తడి బూట్లను పొయ్యి పక్కన పెడితే అడుగు ఊడిపోతుంది. పాత కాగితాలు కుక్కి గాలికి పెట్టి, పడుకునే ముందు ఒకసారి మార్చండి.

మీ తాతయ్య