రెండో ప్రతి విలువ

ఒక వైద్య గ్రంథాలయానికి కొత్తగా తాటాకు కట్ట ఒకటి చేరిందనుకుందాం. దారం విప్పి నాలుగు ఆకులు చదివేసరికి అది బసవరాజీయమని తెలుస్తుంది. సంస్కృతమూ తెలుగూ కలిసి నడిచే ఆ గ్రంథం తెలుగునాట వైద్యులకు బాగా తెలిసినదే. అచ్చులోనూ ఉంది. “మన దగ్గర ఉన్నదే కదా” అని ఎవరైనా పెదవి విరిస్తే నా మనసు చివుక్కుమంటుంది. పాత వైద్య గ్రంథానికి రెండో ప్రతి, మూడో ప్రతి దొరకడమే పెద్ద సంపద.

తాటాకు మీద రాత ఎలా సాగేదో చూస్తే ఆ మాట అర్థమవుతుంది. గంటంతో ఆకును గీరి, ఆ గీతల్లోకి మసి పట్టించేవారు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఒత్తులు చాలాచోట్ల కనిపించవు. ప, వ ఒకదానికొకటి పోలి ఉంటాయి. ౨కూ ౩కూ తేడా ఒక చిన్న గీత. భిన్నాల సంగతి మరీ సున్నితం. పాత తెలుగు లెక్కల్లో ఒక నిలువు గీత పాతిక, అంటే నాలుగో వంతు; ఒక అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. నిలువు గీతను అడ్డగీతగా చదివితే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది, అడ్డగీతను నిలువుగా చదివితే నాలుగింతలవుతుంది. నాభి అనే విషపు దుంప, ముష్టివిత్తుల వంటి విషద్రవ్యాలు కలిసే మందులో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఒక్క ప్రతి మాత్రమే ఉంటే ఏది సరైన పాఠమో తేల్చలేం. వేరే ఊళ్లో, వేరే చేతితో రాసిన మరో ప్రతి పక్కన పెడితే తప్పు బయటపడుతుంది. రెండు ప్రతుల్లో ఒకేచోట ఒకే పొరపాటు కనిపిస్తే అవి ఒకే మూలం చూసి రాసినవన్న అనుమానం కలుగుతుంది. జన్యువుల్లోని మార్పులను పోల్చి జీవుల వంశవృక్షం గీసే పద్ధతి కూడా ఇదే తర్కం మీద నడుస్తుంది.

ఒక్క క్రియాపదం కూడా మందును మార్చేస్తుంది. ఆయుర్వేదంలో పచ్చి ఆకును దంచి పిండితే స్వరసం, నూరితే కల్కం, మరిగిస్తే క్వాథం, చన్నీళ్లలో నానబెడితే హిమం, వేడినీళ్లలో వేసి వడకడితే ఫాంటం. మూలిక ఒకటే, మందులు అయిదు. ఆ మాట ఉన్నచోటే పురుగు తొలిస్తే మిగిలేది మూలిక పేరు మాత్రమే.

ఇది ఎంత పెద్ద తేడానో మలేరియా మందు కథ చెబుతుంది. ఆ జబ్బు మన హైదరాబాద్ నగరానికి పరాయిది కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దశాబ్దాల తరువాత చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం పాత వైద్య గ్రంథాల నుంచి రెండు వేలకు పైగా మందుల తయారీ విధానాలు పోగుచేసింది. చింగ్‌హావ్ అనే మొక్క రసం ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గే హోంగ్ గ్రంథంలో ఆమె ఒక వాక్యం మళ్లీ చదివారు: పిడికెడు మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి. మరిగించమని లేదు. వేడికి మందు చెడుతోందేమోనని, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ అనే ద్రావకంతో 1971లో సారం తీశారు. ఆర్టిమిసినిన్ అనే మలేరియా మందుకు దారి అలా తెరుచుకుంది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

హైదరాబాద్ గడ్డిఅన్నారంలోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఇలాంటి గ్రంథాల కోసమే ఉంది. 1956లో ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగంగా మొదలై, డి.వి. సుబ్బారెడ్డి చేతుల మీదుగా ఎదిగింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ రాతప్రతుల వివరాలను ఇప్పుడు ‘అమర్’ పోర్టల్‌లో చేరుస్తోంది.

మీ ఇంటి అటక మీద ఇలాంటి కట్ట ఉంటే దయచేసి తడిగుడ్డతో తుడవకండి, ఆకుల వరుస మార్చకండి. ఆకులు పెళుసుబారితే నిమ్మగడ్డి నూనె రాయడం తెలిసినవారి పని. పురుగు పట్టిన కట్టను గ్రంథాలయంవారు మిగతావాటికి దూరంగా ఉంచి, అది పోయాకే అరలోకి చేరుస్తారు. కట్టను గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు రాలిన ముక్కలను కూడా పొట్లం కట్టి ఇవ్వండి. రాసినవారు తమ పేరు, సంవత్సరం, తిథి, కొన్నిసార్లు ఎవరి ప్రతి చూసి రాశారో కూడా చెప్పుకునేది చివరి ఆకు మీదే. కట్టలో పైనా కిందా ఉండే ఆకులే ముందుగా చెదలకు చిక్కుతాయి.