సీసా నల్లబడితే నూతిలో ఏముందని?

ఒడిశాలోని గుణుపురం దగ్గర పల్లె నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా మహిళా సంఘానికి నీళ్ళ పరీక్ష సీసాలు ఇచ్చారు. వీధి నూతి నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి సీసా నల్లగా అయిపోయింది. నీళ్ళేమో తేటగా, తియ్యగా ఉంటాయి. సీసాలో ముందే ఏదో మందు పెట్టారని, నల్లబడింది ఆ మందేనని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?"

అత్తగారి మాటలో సగం నిజముంది. సీసాలో మందు ఉంది. దాన్ని కాగితం ముక్కకు పట్టించి, ఆరబెట్టి పెడతారు. అందులో బాక్టీరియాకు తిండిగా పెప్టోన్, గంధకం కోసం సోడియం థయోసల్ఫేట్, ఇనుము కోసం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, ఆమ్లత్వం పెరగకుండా కొంచెం ఫాస్ఫేట్ ఉంటాయి. పేగుల్లో బతికే కొన్ని రకాల బాక్టీరియా పెప్టోన్ తిని పెరుగుతూ, థయోసల్ఫేట్‌లోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. అది ఇనుముతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఆ నలుపు దానిదే. ఈ పద్ధతిని 1982లో మాంజా, మౌర్య, రావు అనే భారతీయ శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రకటించారు. కరెంటూ మైక్రోస్కోపూ అక్కర్లేని పరీక్ష ఇది. నాకు దీని మీద అంతులేని గౌరవం.

ఇది పాలు తోడెయ్యడం లాంటిదే. కాగితంలోని తిండి పాలు, నూతి నీళ్ళలోని బాక్టీరియా తోడు. తోడు పడకపోతే పాలు ఎంతసేపున్నా పెరుగవవు. బాక్టీరియా లేని నీళ్ళు పోస్తే కాగితంలో ఎంత మందున్నా నల్లబడదు. అత్తగారికి చూపించాలంటే అదే నూతి నీళ్ళు బాగా మరిగించి, చల్లార్చి ఇంకో సీసాలో పోసి పక్కన పెట్టండి. తోడు చచ్చిపోయింది కాబట్టి సీసా మామూలుగా ఉండిపోతుంది. అరగంటకోసారి రెట్టింపయ్యే ఒక్క బాక్టీరియా 12 గంటల్లో 24 సార్లు రెట్టింపై 1 కోటి 67 లక్షలు దాటుతుంది. తోడుకు రాత్రంతా ఎందుకు పడుతుందో ఇక్కడ తెలుస్తుంది. చలికాలంలో పెరుగు తోడుకోనట్టే కొరాపుట్ కొండల చలికి సీసా కూడా మొరాయిస్తుంది. 30 నుంచి 37 డిగ్రీల వెచ్చదనం కావాలి కాబట్టి గుడ్డ చుట్టి పొయ్యి ఉన్న గదిలో పెట్టాలి. తోడు ఎక్కువేస్తే పెరుగు త్వరగా గట్టిపడుతుంది. సీసా కూడా అంతే, ఎంత త్వరగా నల్లబడితే అంత కలుషితం. పోసిన కాసేపటికే నల్లబడిందా, అది బాక్టీరియా పని కాదు. ఆ నీళ్ళలో కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే వాయువు ముందే ఉంది. అలాంటి బోరింగుకు ఈ పరీక్ష పనికిరాదు.

తోడు పోలిక ఒక చోట తప్పుతుంది. పాలల్లో ఏ తోడు వేశామో మనకు తెలుసు, ఇక్కడ తెలియదు. మలానికి గుర్తుగా చెప్పుకునే ఈ.కొలై మామూలుగా ఈ వాయువును తయారుచెయ్యదు. సిట్రోబాక్టర్, సాల్మొనెల్లా, ప్రోటియస్ లాంటివి చేస్తాయి. కలరా క్రిమి కూడా చెయ్యదు. కాబట్టి నలుపు ఫలానా రోగం ఉందని చెప్పదు, మలం నీళ్ళలోకి చేరే దారి ఉందని హెచ్చరిస్తుంది. 2007లో రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చింది. కలరా తిరిగేది ఆ దారిలోనే. అమ్మవారికి కోపం వచ్చిందని జాతర చెయ్యడం మన పక్క పల్లెల్లో కొత్త కాదు. జాతర చేసుకోండి, అడ్డు చెప్పను. కానీ ఊరంతా ఒకచోట చేరి తినే ఆ రోజు నీళ్ళు మరిగించి పెట్టండి. బడిలో "నీటికి రంగు, రుచి, వాసన లేవు" అని వల్లె వేయించి ఊరుకుంటాం. తేటగా ఉంటే మంచి నీళ్ళే అని పిల్లలు అర్థం చేసుకుంటారు. ఆ పాఠం చెప్పే రోజున ఈ సీసా బల్ల మీద ఉండాలి.

నల్లబడలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఫ్లోరైడ్, నైట్రేట్ దీనికి కనబడవు. వాటికి నీళ్ళ పరీక్ష కిట్‌లో వేరే మందులుంటాయి. పైగా 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కొలై కూడా ఉండకూడదని భారత ప్రమాణం. మన సీసాలో పట్టేది 20 మిల్లీలీటర్లే.

2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నీటి పథకం జల జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు కిట్ వాడడం నేర్పాలన్నారు. నా దృష్టిలో ఇదే సరైన పద్ధతి. ల్యాబుకు పంపే నమూనాను చల్లగా ఉంచి 24 గంటల లోపు చేర్చాలి. వానాకాలంలో గెడ్డలు పొంగితే కొండ ఊళ్ళ నుంచి ఎలా చేరుస్తారు? తొలకరి పడ్డ మర్నాడే పరీక్ష చెయ్యగలిగేది ఊళ్ళో ఉన్నవాళ్ళే.

ఒక్క సీసాతో సరిపెట్టకండి. నూతి నీళ్ళు ఒకటి, ఇంట్లో బిందె నీళ్ళు ఒకటి, ఆ బిందెలోంచే గ్లాసుతో ముంచి తీసినవి ఒకటి పెట్టండి. నూతిది మామూలుగా ఉండి బిందెది నల్లబడితే లోపం నూతిది కాదు, బిందెదో ముంచే చేతిదో. నూతి నీళ్ళు ఇంటి చేదతో తోడితే చేదకున్న మురికినే పరీక్షించినట్టవుతుంది. మరిగే నీళ్ళతో కడిగిన చేద వాడండి, మూత లోపలి వైపు వేలు తగలనివ్వకండి. నల్లబడ్డ సీసాలో బ్లీచింగ్ నీళ్ళు పోసి కాసేపు ఉంచాకే పారబోయాలి. అందులో పెరిగినవి కోట్లలో ఉంటాయి.

నూతిది నల్లబడితే బ్లీచింగ్ కిలోలకొద్దీ కుమ్మరించకండి. 2 మీటర్ల వెడల్పు నూతిలో 3 మీటర్ల నీళ్ళుంటే సుమారు 9,400 లీటర్లు. 1,000 లీటర్లకు 2.5 గ్రాముల లెక్కన సుమారు 24 గ్రాముల మంచి పొడి చాలు. నీళ్ళలో కలిపి, సున్నం అడుగుకు పేరాక పైతేటను చేదతో నూతిలోకి దించి బాగా కలపండి. గంట ఆగి వాడుకోండి. బ్లీచింగ్‌లోని క్లోరిన్ నీళ్ళలో మిగిలున్నా సీసాలోని థయోసల్ఫేట్ దాన్ని విరిచేస్తుంది కాబట్టి మర్నాడు మళ్ళీ సీసా పెట్టవచ్చు. అప్పుడూ నల్లబడితే పొడి మారిస్తే చాలదు. నూతి ఒరల పగుళ్ళు చూడండి, మరుగుదొడ్డి గొయ్యికీ నూతికీ మధ్య దూరం కొలవండి. 15 మీటర్లకు తక్కువుంటే ముందు ఆ గొయ్యి సంగతే తేల్చాలి.