ఎక్స్‌పాన్షన్ ప్యాక్ కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. వచ్చేది ఎక్కువగా ఇంజినీరింగ్, డిగ్రీ కుర్రాళ్లే. ఆన్‌లైన్‌లో సేల్ పెట్టారంటే చాలు, "అన్నా, ఈ డీఎల్‌సీ కొనొచ్చా?" అని అడుగుతారు. ఉన్న గేమ్‌కి విడిగా అమ్మే పెద్ద అదనపు భాగాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారు, డౌన్‌లోడ్‌గా వచ్చే అదనపు సరుకు చిన్నదైనా పెద్దదైనా డీఎల్‌సీ. పాకెట్ మనీ కూడబెట్టుకున్న డబ్బు కాబట్టి నోటికొచ్చింది చెప్పి పంపేయలేను. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పాతరోజుల్లో ఎక్స్‌పాన్షన్ అంటే ఇంకో గేమంత ఉండేది, ఇప్పుడంతా ముక్కలు కోసి అమ్ముతున్నారు.

ఇందులో సగమే నిజం. 1998లో వచ్చిన బ్రూడ్ వార్ అనే ఎక్స్‌పాన్షన్ స్టార్‌క్రాఫ్ట్ గేమ్‌కి మెడిక్, లర్కర్ లాంటి 7 కొత్త యూనిట్లు ఇచ్చింది. కొరియాలో ఏళ్ల తరబడి ప్రొఫెషనల్ లీగులు నడిచింది దీని మీదే. 2001లో డయాబ్లో 2కి వచ్చిన లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ ఐదో అంకం, ఇద్దరు కొత్త హీరోలు, రూన్లు (ఆయుధాల్లో పొదిగే మంత్రరాళ్లు) తెచ్చింది. స్క్రీన్ రిజల్యూషన్ కూడా 640x480 నుంచి 800x600కి పెరిగింది.

అయితే మనకి గుర్తున్నవి మంచివే. కమాండ్ అండ్ కాంకర్‌కి 1996లో వచ్చిన కోవర్ట్ ఆపరేషన్స్‌లో ప్రధానంగా ఉన్నవి కొత్త మిషన్లు, మ్యాపులే. అలాంటి డిస్కులు ఆ కాలంలో చాలానే వచ్చాయి, ఇప్పుడు వాటి పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇంకో ఉదాహరణ ఒకే గేమ్‌లో దొరుకుతుంది. ఆబ్లివియన్‌కి 2006 ఏప్రిల్‌లో గుర్రానికి కవచం అమ్మారు, ఎక్స్‌బాక్స్‌లో రెండున్నర డాలర్లు. జనం ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు. ఏడాది తిరిగేలోపు, 2007 మార్చిలో, అదే కంపెనీ అదే గేమ్‌కి షివరింగ్ ఐల్స్ ఇచ్చింది. కొత్త ప్రపంచం, కొత్త కథ, సుమారు 30 డాలర్లు. మరి ఈ రెండింటిలో ఏది పాతకాలం, ఏది కొత్తకాలం?

ముక్కలు కోసి అమ్మడం మాత్రం అబద్ధం కాదు. 2012లో స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్ డిస్కులోనే 12 మంది ఫైటర్లను లాక్ చేసి ఉంచి, తర్వాత విడిగా డబ్బు అడిగారు. అది అన్యాయమనే నా అభిప్రాయం, ఇప్పటికీ అదే అంటాను.

అపోహ: ఎన్ని గంటలు వస్తే అంత విలువ.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. "ఏటన్నా, పది గంటల్లో అయిపోయింది" అని ముఖం ముడుచుకున్న కుర్రాళ్లను చాలామందిని చూశాను. విచర్ 3కి రెండు ఎక్స్‌పాన్షన్లు ఉన్నాయి. 2015లో వచ్చిన హార్ట్స్ ఆఫ్ స్టోన్ సుమారు 10 గంటలు, 10 డాలర్లు. 2016లో వచ్చిన బ్లడ్ అండ్ వైన్ సుమారు 20 గంటలు, 20 డాలర్లు. గంటకి డాలర్ లెక్కన రెండూ సమానం కావాలి. ఆడినవాళ్లను అడిగి చూడండి. చిన్నదాంట్లో ఒక దెయ్యం గేమ్ హీరో గెరాల్ట్‌కి పూని పెళ్లికి వెళ్లే ఘట్టం ఉంది. ఎప్పుడూ బిగుసుకుని ఉండే మనిషి అక్కడ చిందులేస్తాడు, కనిపించిన అమ్మాయినల్లా పలకరిస్తాడు. మా సెంటర్లో ఎవరైనా ఆ ఘట్టం ఆడుతుంటే పక్క సీట్ల వాళ్లు తమ ఆట ఆపేసి వచ్చి నిలబడతారు. పెద్దదాంట్లో కొత్త ఊళ్లు, ద్రాక్షతోటలు, సొంత ఇల్లు. రెండూ మంచివే, కానీ ఇచ్చే ఆనందం వేరు. గంటల లెక్కలో ఆ తేడా తేలదు.

నేను అడిగేది ఒక్కటే: గేమ్‌లోంచి ఆ ఎక్స్‌పాన్షన్ తీసేస్తే ఏం పోతుంది?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 చూడండి. 1999 నాటి మొదటి గేమ్‌లో పొలం అయిపోతే రైతు ఊరికే నిలబడిపోయేవాడు. యుద్ధం మధ్యలో వెనక్కి వచ్చి, 60 చెక్క ఖర్చుపెట్టి మళ్లీ వేయాలి. 2000లో కాంకరర్స్ వచ్చాక మిల్లులో ముందుగానే పొలాలు క్యూ పెట్టుకోవచ్చు. డబ్బా మీద అచ్చేసింది 5 కొత్త నాగరికతల గురించి. ఆట తీరు మార్చింది మాత్రం ఈ చిన్న సదుపాయమే.

అదే గేమ్‌కి 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చింది. బెంగాలీలు, ద్రవిడులు, గుర్జరులు కొత్తగా చేరారు, ఇదివరకటి ఇండియన్లు హిందుస్థానీలయ్యారు. రాజేంద్ర చోళుడి కాంపెయిన్ (కథగా సాగే మిషన్ల వరుస) కూడా ఉంది. చరిత్రలో ఆయన సేన గంగ దాకా వెళ్లింది మన కళింగ మీదుగానే. మన ప్రాంతంలోని ముఖలింగం గుడి చూసొచ్చిన కుర్రాళ్లు ఈ కాంపెయిన్‌కి అతుక్కుపోతుంటే నాకెంత సంతోషమో. అయినా కాంకరర్స్‌లా అందరి ఆట తీరు మార్చిందా అంటే లేదనే చెబుతాను. కథలు ఇష్టమైతే కొనండి, మల్టీప్లేయర్ ఒక్కటే ఆడేవాళ్లు సేల్ దాకా ఆగొచ్చు.

అపోహ: జీబీ ఎక్కువుంటే సరుకు ఎక్కువ.

కాదు. టెక్స్చర్లు (వస్తువుల మీద కనిపించే బొమ్మలు), సౌండ్ ఫైళ్లే ఆ జీబీలు తినేస్తాయి.

అపోహ: కొన్న వెంటనే ఆడేయొచ్చు.

ఎల్డెన్ రింగ్‌కి 2024 జూన్‌లో షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ వచ్చింది, 40 డాలర్లు. అంటే అసలు గేమ్ ధరలో మూడింట రెండు వంతులు. అందులోకి వెళ్లాలంటే అసలు గేమ్‌లో రాడాన్, మోగ్ అనే ఇద్దరు పెద్ద శత్రువులను ఓడించి ఉండాలి. మోగ్ దగ్గరికి చేరడానికే చాలా ఆడాలి. ఇది చూసుకోకుండా కొని, తలుపు దగ్గరే ఆగిపోయినవాళ్లు ఉన్నారు. మీ సేవ్ ఫైల్‌లో ఆట ఎంతవరకు వచ్చిందో చూసుకుని డబ్బు కట్టండి.

అపోహ: ఎక్స్‌పాన్షన్ కొనకపోతే మనకేమీ రాదు.

సైబర్‌పంక్ 2077కి 2023 సెప్టెంబర్‌లో ఫాంటమ్ లిబర్టీ వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందు 2.0 అప్‌డేట్ ఉచితంగా ఇచ్చారు. స్కిల్స్ పద్ధతి, పోలీసుల తీరు, కార్లలోంచి కాల్చడం అన్నీ అందులోనే మారాయి. ముందు ఆ ఉచిత భాగం ఆడి చూడండి, నచ్చితేనే మిగతాది. నో మ్యాన్స్ స్కై అయితే 2016 నుంచి పెద్ద పెద్ద అప్‌డేట్లన్నీ ఉచితంగానే ఇస్తోంది.

అపోహ: కొన్నామంటే ఎప్పటికీ మనదే.

ఆన్‌లైన్ గేమ్ అయితే ఆ భరోసా లేదు. డెస్టినీ 2లో జనం డబ్బు పెట్టి కొన్న కర్స్ ఆఫ్ ఒసైరిస్, వార్‌మైండ్ కథలను 2020 నవంబర్‌లో గేమ్‌లోంచే తీసేశారు. 2022లో ఫర్సేకెన్ కథ కూడా వెళ్లిపోయింది. కాంకరర్స్ పాత సీడీ ఇంకా మా అల్మారాలో ఉంది, ఇన్‌స్టాల్ చేస్తే ఆడుతుంది. పాత కొత్త పోల్చేటప్పుడు దీన్నీ లెక్కలో వేయాలి. నా దృష్టిలో ధర కంటే పెద్ద తేడా ఇదే.

అపోహ: డీఎల్‌సీ ఏ స్టోర్‌లో కొన్నా ఒకటే.

ఎపిక్, స్టీమ్ అనేవి రెండు వేర్వేరు ఆన్‌లైన్ గేమ్ స్టోర్లు. ఎపిక్‌లో ఉన్న గేమ్‌కి స్టీమ్‌లో కొన్న డీఎల్‌సీ పని చేయదు. పొరపాటున కొంటే టెన్షన్ వద్దు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, కొన్నాక అసలు గేమ్ 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే సాధారణంగా రీఫండ్ ఇస్తారు. కొన్ని డీఎల్‌సీలకు ఆ వీలు లేదు, అవేవో వాటి స్టోర్ పేజీలోనే రాసి ఉంటుంది.